మెట్ల జాయింటు

3 సెప్టెంబరు, బుధవారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది. రోజూ ఏదో ఒకటి రాయమంది దివ్యమ్మ.

4 సెప్టెంబరు

రాశాను.

5 సెప్టెంబరు, శుక్రవారం

నిన్నటి పేజీ చూసి దివ్యమ్మ నవ్వింది. ఆస్పత్రిలో నా చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి.

"ఏటండీ సత్తియ్యగారూ, ఒక్క ముక్కకి వేళ్ళు ఎలా వంగుతాయి? మీరెవరో తెలీనోళ్ళకి చెప్తున్నట్టు రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు" అంది.

మరి తనెందుకు చూసిందో.

సరే. నా పేరు సత్తియ్య. నలభై తొమ్మిదేళ్ళు. అనకాపల్లి పూడిమడక రోడ్డులో కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. జూలైలో, బండి కింద పని చేయడానికి షెడ్డులో తవ్విన గుంతలోకి దిగుతూ ఆయిలు మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. లోపల స్టీలు పలక పెట్టి స్క్రూలు బిగించారు. ఏడు వారాలుగా పనంతా దేముడే చూస్తున్నాడు. దేముడు నా భార్య పైడితల్లికి తమ్ముడు. పద్దెనిమిదేళ్ళ కిందట పదో తరగతి తప్పి నా దగ్గరికి వచ్చాడు. స్పానర్ పట్టుకోవడం దగ్గర నుంచీ నేనే నేర్పాను. ఇప్పుడు నా కుడి చెయ్యి వాడే.

ఇంతకంటే వేళ్ళు వంగవు.

6 సెప్టెంబరు, శనివారం

రామ్మోహనరావుగారి కారు వచ్చింది. బెల్లం వ్యాపారం ఆయనది. పదిహేనేళ్ళుగా ఆయన బళ్ళు నేనే చూస్తున్నాను. ఆయన భార్య బాలాత్రిపురసుందరమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు విశాఖపట్నం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించుకొస్తారు. ఆయనే తోలతారు. "ఇది దారిలో ఆగకూడదు సత్తియ్యా" అంటారు. ఆయన అడిగేది అదొక్కటే.

ఇంజను లైటు వెలుగుతోంది. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. స్కానర్ పెట్టి చూశాం. ఆక్సిజన్ సెన్సర్లు రెండూ పోయాయి. పొగ గొట్టంలో ఉండే ముక్కులు అవి. పొగ వాసన చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్తాయి. అవి పోతే ఇంజనుకు అంతు తెలియదు.

"యూనివర్సల్ ఏసేద్దాం బావా. సగం ధరకి వచ్చేత్తాయి" అన్నాడు దేముడు.

యూనివర్సల్ అంటే ఏ కారుకైనా పనికొస్తుందని అమ్మేది. దానికి, బండి వైర్లకి తగిలించే ప్లాస్టిక్ కప్లర్ ఉండదు. నాలుగు వైర్లు వేలాడుతూ వస్తాయి. పాత సెన్సర్ కప్లర్ కోసి వాటికి అతకాలి.

"ఊరందరి కాళ్ళకీ ఒకటే సైజు జోడు అమ్ముతాడేట్రా ఎవడైనా? కంపెనీదే తే."

"నువ్వు మారవు బావా."

"మారిన్నాడు నీకే ముందు సెప్తాను."

నవ్వాడు.

9 సెప్టెంబరు, మంగళవారం

దేముడు విశాఖ వెళ్ళి కంపెనీ పెట్టెలు రెండు తెచ్చాడు. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి బిగించడం కూడా అయిపోయింది. లైటు ఆరింది.

మా షెడ్డులో ఏ సామాను మార్చినా పాతది కొత్తదాని పెట్టెలో పెట్టి బండి యజమానికి ఇచ్చేస్తాం. మొదటి నుంచీ నా పద్ధతి అది. ఈసారి పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. పాతవి తుప్పు పట్టి రాలేదట. కోసి తీస్తే ముక్కలయ్యాయట. పాత ఇనుము వాడికి వేసేశాడట. తుప్పు పట్టడం నిజమే. సిలెన్సర్ వేడికి పట్టేస్తాయి.

ఖాళీ పెట్టెలే ఇచ్చాను. రామ్మోహనరావుగారు ఏమీ అడగలేదు.

13 సెప్టెంబరు

టీ గ్లాసు పట్టుకోగలుగుతున్నాను. దేముడు ఇవాళ రెండు ఇంజన్లు ఒక్కడే దించాడు. పైడితల్లి మధ్యాహ్నం వాడికి చేప ముక్కలు నాకంటే ఎక్కువ వేసింది. వేస్తే వేసింది.

16 సెప్టెంబరు

స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. తిప్పలేకపోయాను.

19 సెప్టెంబరు, శుక్రవారం

రామ్మోహనరావుగారు ఫోన్ చేశారు. లైటు మళ్ళీ వెలిగిందట. బండి కుదుపుతోందట. దేముణ్ణి అడిగితే పెట్రోలు బాగాలేదన్నాడు. బంకు మార్చి కొట్టించమని నేను ఆయనకి చెప్పాను.

వానాకాలంలో పెట్రోలులో నీళ్ళు కలవడం ఉన్నదే.

22 సెప్టెంబరు, సోమవారం

డయాలసిస్ నుంచి వస్తూ కారు షెడ్డు దగ్గర ఆపారు. వెనక సీట్లో అమ్మగారు నిద్రపోతున్నారు. దేముడు స్కానర్ తగిలించి పది నిమిషాల్లో లైటు ఆర్పేశాడు. ఆమెకి మెలకువ కూడా రాలేదు. ఎంత చేతివాటం వీడికి అనుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక రోడ్డు మీద నల్ల పొగ కనిపించింది. వేరే లారీది అయి ఉంటుంది.

26 సెప్టెంబరు, శుక్రవారం

కారు ఆగిపోయింది. విశాఖ నుంచి తిరిగి వస్తూ లంకెలపాలెం దగ్గర హైవే మీద. డయాలసిస్ అయిన మనిషిని గంటసేపు రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. వాంతులయ్యాయి. చివరికి ఎవరో ఆటో ఆపి ఎక్కించారు.

సాయంత్రం రామ్మోహనరావుగారు షెడ్డుకి కాదు, ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఒక్కటే అడుగుతాను సత్తియ్యా. పెట్టె మీద ఉన్నదే బండిలో వేసేవా?"

"కంపెనీదే బాబూ. ఈ సెయ్యి మీద ఒట్టు" అని కుడి చెయ్యి చాపాను. కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఆయన చేతిని చూసి, సరే అని తల ఊపి వెళ్ళిపోయారు.

గుమ్మంలో నిలబడ్డ పైడితల్లి నేను ఆ మాట అంటుండగానే లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏదో ఉండి ఉంటుంది.

27 సెప్టెంబరు, శనివారం

కారుకి తాడు కట్టి షెడ్డుకి తెచ్చారు. దేముడు ఎలమంచిలిలో ఆగిన బండి కోసం వెళ్ళాడు. వాడు వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. పడ్డాక మొదటిసారి గుంతలోకి దిగాను.

కంపెనీ సెన్సర్‌కి వైర్ల మీద జాయింటు ఉండదు. కప్లర్ దాకా ఒకటే వైరు. దీనికి మధ్యలో టేపు చుట్టి ఉంది. ఎడమ చేత్తో విప్పాను. చాలాసేపు పట్టింది.

నాలుగు వైర్లనీ ఒక్కచోటే కోసి అతికితే జాయింట్లు పక్కపక్కనే పడతాయి. టేపు వదులైతే ఒకదానికొకటి తగిలి కాలతాయి. అందుకని నేను ఒక్కో వైరునీ ఒక్కో పొడవుకి కోస్తాను. జాయింట్లు మెట్లలా ఒకదాని కింద ఒకటి పడతాయి. మెలి తిప్పి, సీసం కరిగించి సోల్డరింగ్ వేసి, పైన ప్లాస్టిక్ స్లీవు ఎక్కిస్తాను. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. నేను నేర్పింది ఒక్కడికే.

తెలుపు, తెలుపు, నలుపు, బూడిదరంగు. నాలుగు మెట్లు. సోల్డరింగ్ వెండిలా మెరుస్తోంది. ఎక్కడా బొట్టు కారలేదు. నేను వేసినా అంత బాగా వచ్చేది కాదేమో.

టేపు మళ్ళీ ఎలా ఉన్నది అలా చుట్టేశాను. ఎందుకు చుట్టానో తెలియదు. దేముడు వచ్చి "సూసేవా బావా బండి?" అని అడిగాడు. చెయ్యి నొప్పిగా ఉంది, చూడలేదని చెప్పాను.

28 సెప్టెంబరు, ఆదివారం

కంపెనీ సెన్సర్‌కి వైరు పొట్టిగా వచ్చి ఉండొచ్చు. అందుకని కోసి అతికి ఉంటాడు.

బిగించేటప్పుడు కప్లర్ విరిగి ఉండొచ్చు. నాకు చెప్తే తిడతానని పాతది అతికి ఉంటాడు.

దుకాణం వాడే కంపెనీ పెట్టెలో యూనివర్సల్ పెట్టి ఇచ్చి ఉండొచ్చు. దేముడికి తెలిసి ఉండదు.

తెలియనివాడు నాలుగు వైర్లు ఎలా అతుకుతాడు.

29 సెప్టెంబరు, సోమవారం

తెల్లవారగానే షెడ్డుకి వెళ్ళాను. పాత రేడియేటర్ల వెనక బ్యాటరీ అట్టపెట్టెలో దొరికాయి. యూనివర్సల్ సెన్సర్లవి, చింపిన కవర్లు ఆరు. కారుకి రెండు చొప్పున మూడు కార్లు. ప్రతి కవర్లోనూ విప్పని చిన్న పొట్లం, అందులో నాలుగు సన్నటి లోహపు గొట్టాలు, ఒక మడత కాగితం. కాగితం అంతా ఇంగ్లీషు. ఒకటి జేబులో పెట్టుకుని దివ్యమ్మ దగ్గరికి వెళ్ళాను.

"చెయ్యి చూపించుకోడానికొచ్చి కార్ల కాగితాలు చదివిస్తన్నారేటండీ నాచేత!" అంది. అంటూనే చదివింది. "వైర్లు ఈ గొట్టాల్లో పెట్టి నొక్కాలంట. సోల్డరింగ్ చెయ్యకూడదు. పెద్ద అక్షరాల్లో వేశాడు."

"ఎందుకట?"

"సెన్సర్‌కి బయటి గాలి కావాలంట. ఆ గాలి వైరు లోపల్నుంచే వెళ్తుందంట. సోల్డరింగ్ చేస్తే దారి మూసుకుపోతుందంట." కాగితం తిప్పి చూసింది. "వైర్లోంచి గాలి పీలుస్తుందా అండీ? భలే ఉందే."

"నాకూ తెలీదమ్మా."

నిజంగానే తెలియదు. ముప్పై ఏళ్ళ పనిలో నేను సోల్డరింగ్ వేయకుండా జాయింటు వదల్లేదు. వదిలితే దేముడి వేళ్ళ మీద కొట్టేవాణ్ణి.

ఆ గొట్టాలు వేసి నొక్కి ఉంటే చవక సెన్సర్లే నడిచి ఉండేవేమో. ఎవరికీ తెలిసేది కాదు. నాకు కూడా. వాడు సామానులో మోసం చేశాడు. పనిలో చెయ్యలేదు. బండి ఆగింది పని వల్ల.

30 సెప్టెంబరు

రామ్మోహనరావుగారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

1 అక్టోబరు, బుధవారం

పొద్దున్నే ఆరు కవర్లూ బల్ల మీద వరసగా పెట్టి కూర్చున్నాను. దేముడు బండికి స్టాండు వేసి లోపలికి వచ్చాడు. చూశాడు. కంగారు పడలేదు. అందుకు నేను కంగారు పడ్డాను.

"ఎప్పట్నుంచిరా?"

"నువ్వు పడ్డ వారం నుంచి."

"పెట్టెలెక్కడివి?"

"ఖాళీ పెట్టెలు కూడా అమ్ముతారు బావా. నువ్వు షెడ్డు దాటి ఎప్పుడెల్లేవు గనక."

"నేను కంపెనీదే తెమ్మన్నాను కదరా."

"అన్నావు. మంచం మీంచి అన్నావు. నీ సేతిలో ఏసిన పలక కూడా కంపెనీదేనని డాక్టరు సెప్పేడు. దాని డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చేయని ఒక్కసారైనా అడిగేవా?"

అడగలేదు. పైడితల్లి ఏదో సర్దుబాటు చేసిందనుకున్నాను.

"పనిలో లోటు సేసేనేటి?" అన్నాడు వాడు. వాడికీ కోపం వచ్చింది. "విప్పి సూడు. నువ్వు నేర్పినట్టే మెట్లు కట్టేను. ఒక్క వైరు తగిలితే నన్ను సెప్పుచ్చుకుని కొట్టు."

"సోల్డరింగ్ ఎయ్యకూడదట. కాగితంలో ఉంది."

"కాగితాలు సదివి నేర్సుకున్నానా నేను? సోల్డరింగ్ నేని జాయింటు తాళి నేని పెళ్ళి అని ఎవరన్నారు? నువ్వే కదా?"

నేనే అన్నాను. చాలాసార్లు అన్నాను.

"రామ్మోహనరావుగారికి నిజం సెప్పాల్రా."

"సెప్పు. మీయావిణ్ణి అడిగి సెప్పు. అక్కకి అంతా తెలుసు."

ఇంటికి వెళ్ళాను. పైడితల్లి బియ్యం ఏరుతోంది. "నీకు తెలుసా?" అన్నాను. దేని గురించి అని అడగలేదు.

"రేపు పండగ. పండగ ఎల్లనీ, అప్పుడు సూద్దాం" అంది.

"మొన్న ఆయన ముందు ఒట్టేత్తంటే ఇన్నావు కదే. ఆపొచ్చు కదా."

"ఆపితే మా తమ్ముడేటవుతాడు?"

"నేనేటవుతాను?"

చేట పక్కన పెట్టి నా వంక చూసింది. "నీకు పేరుంది. ఓ మాట పడ్డా తట్టుకుంటావు. ఆడికేటుంది?" అంది.



2 అక్టోబరు, గురువారం

దసరా. షెడ్డులో పనిముట్లకి పూజ. స్పానర్లకి పసుపు, జాక్‌కి పూలదండ. నేను కొబ్బరికాయ కొట్టలేను కాబట్టి దేముడు కొట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. ఫొటో తీశారు.

ప్రసాదం పంచి సాయంత్రం ఎటో వెళ్ళాడు. పండగ కదా అనుకున్నాను.

3 అక్టోబరు

బస్సెక్కి విశాఖ వెళ్ళాను. కంపెనీ డీలరు దగ్గర నేనే నిలబడి రెండు సెన్సర్లు కొన్నాను. డబ్బుకి పైడితల్లి గొలుసు అడగలేదు. నా మోటారు సైకిలు తాకట్టు పెట్టాను.

4 అక్టోబరు, శనివారం

చెయ్యి తిరిగినంతవరకు తిప్పి, తిరగనిచోట ఎడమ చేత్తో తిప్పి, మధ్యాహ్నానికి రెండూ బిగించాను. సిలెన్సర్ కూడా దించి శుభ్రం చేశాను. కొత్తవాటికి జాయింట్లు అక్కర్లేదు. కప్లర్ నొక్కితే టిక్కుమని కూర్చుంది. ఎవరు నొక్కినా అలాగే కూర్చుంటుంది. స్టార్ట్ చేశాను. పొగ లేదు. కుదుపు లేదు.

రామ్మోహనరావుగారిని పిలిచాను. తీసిన సెన్సర్లు, ఆరు కవర్లు ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. దేముడు వేశాడని, నాకు తెలియదని, తెలియకే ఒట్టు వేశానని.

ఆయన ఒక సెన్సర్ తీసుకుని టేపు విప్పిన చోట వేలితో తడిమారు. ఒక్కో మెట్టూ తడిమారు.

"ఇది నీ జాయింటు కదయ్యా" అన్నారు.

"దేముడికి కూడా వచ్చు బాబూ. నేనే నేర్పేను."

"పాత కారుకి వైరింగు కాలినప్పుడు నువ్వే చూపించేవు నాకు. ఈ మెట్లు అనకాపల్లి మొత్తం మీద నేనొక్కణ్ణే కడతాను బాబూ అన్నావు. మర్చిపోయేవా?"

మర్చిపోలేదు. గొప్పగా అన్నాను.

"దేముడు దసరా నాడు సాయంత్రం మా ఇంటికొచ్చేడు" అన్నారు. "ఏడిచేడు. మా బావకి సెయ్యి పడిపోయింది, ఒప్పుకోడు, ఎవరూ లేనప్పుడు ఇలాటి పనులు చేసేస్తన్నాడు, నేను ఎక్కడని కప్పుకురాగలను అన్నాడు. నువ్వేమో ఆడి మీద చెప్తన్నావు. నేనెవర్ని నమ్మాలి? చెయ్యి మీద ఒట్టేసింది నువ్వు. ఆడు కాదు."

పండగ వెళ్ళనీ అంది పైడితల్లి. నేను వెళ్ళనిచ్చాను. వాడు వెళ్ళనివ్వలేదు.

 "ఇప్పుడేసినవి కంపెనీవి బాబూ" అన్నాను.

"అప్పుడూ అదే అన్నావు." తాళాలు తీసుకున్నారు. "సోమవారం నువ్వు కూడా కారెక్కు. పానాలు పెట్టుకుని ముందు సీట్లో కూచో. ఎన్నాళ్ళని అడక్కు. నాకు నమ్మకం కుదిరేదాకా."

సరేనన్నాను.

5 అక్టోబరు, ఆదివారం

దేముడు తన పానాల పెట్టె పట్టుకుపోయాడు. నక్కపల్లిలో ఎవరి షెడ్డులోనో చేరాడట. మిగతా రెండు కార్ల వాళ్ళకి ఫోన్ చేసి సెన్సర్లు మారుస్తాను రండి, ఊరికే మారుస్తాను అన్నాను. ఎలమంచిలి ఆయన చూద్దాం అన్నాడు. మాడుగుల ఆయన, "నీ సెయ్యి బాగయ్యేక సూద్దాంలే సత్తియ్యా. అందాకా దేముణ్ణి అడుగుతాం" అన్నాడు. హల్వా పంపిస్తానన్నాడు, తిని బలం తెచ్చుకోమని.

పైడితల్లి అన్నం పెట్టింది. తిన్నాను.

6 అక్టోబరు, సోమవారం

ఆరింటికి బయలుదేరాం. రామ్మోహనరావుగారు తోలుతున్నారు. నేను పక్కన. ఒళ్ళో పానాల సంచి. వెనక సీట్లో అమ్మగారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. కొత్తూరు దాటాం. నేను ఇంజను చప్పుడే వింటున్నాను. బాగుంది.

లంకెలపాలెం వచ్చేసరికి ఆమె ముందుకి వంగి రోడ్డు పక్కన ఒక చోటు చూశారు. అది దాటాక వెనక్కి వాలారు.

"మీ బావమరిది బుద్ధిమంతుడు సత్తియ్యా" అన్నారు. "నిన్ను ఒక్క మాట అననివ్వలేదు. మా బావ చెడ్డోడు కాదమ్మా, సెయ్యి బాగాలేకే అలాగయ్యేడు, ఏటీ అనుకోకండి అన్నాడు. నేనూ ఈయనతో అదే చెప్పేను. పాపం చెయ్యి బాగాలేదు మనిషికి, పోనీండి అని."

నేను వెనక్కి తిరిగాను.

"సెయ్యి బాగానే ఉందమ్మా" అన్నాను.

ఆమె దిండు మీంచి లేచి కూర్చున్నారు.

"మరెందుకు చేసేవు నాయనా?" అన్నారు.

ఆస్పత్రికి ఇంకా ముప్పావుగంట ఉంది.